ఒకే రోజు రెండు డెమో క్లాసులు: మదనపల్లె నుంచి కుప్పం దాకా

డీఎస్సీలో నాకు ఉద్యోగం రాలేదు. వచ్చినవాళ్ళంతా దసరాకు అటూ ఇటూగా ప్రభుత్వ బడుల్లో చేరిపోయారు. వాళ్ళు వదిలి వెళ్ళిన ప్రైవేటు బడుల కుర్చీలు మాత్రం మా పక్క ప్రతి ఊళ్ళోనూ ఖాళీ అయ్యాయి. రాలేదని దుప్పటి కప్పుకుని పడుకునే రకం కాదు నేను. ఆ కుర్చీల వేటలో పడ్డాను. మదనపల్లెలో నేను ఆరేళ్ళు లెక్కలు చెప్పిన చిన్న బడి ఈ జూన్‌లో అసలు తెరుచుకోనే లేదు. అప్పటినుంచీ ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటూ ఉన్నాను. అమ్మ తమ్ముడు, మా మామ, చూసి చూసి ఊళ్ళోనే ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. సోమవారం చేరాలి, చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"యాల పాపా నీకీ తిప్పలు? బీఈడీ సేసినోళ్ళంతా టీచర్లే అయినారా? సుబ్బరంగా ఫ్యాను కింద కుర్చీ" అన్నాడు మామ. మంచి మనసుతోనే అన్నాడు, అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది. కానీ పాఠం చెప్పని రోజు నాకు తిన్న అన్నం ఒంటబట్టదు. ఒకసారి ఆ ఫ్యాను కింద కూర్చున్నానంటే మళ్ళీ బోర్డు దగ్గరికి రాను, నా సంగతి నాకు తెలుసు. "సోమారం దాకా టైముండాది గదా మామా. ఈ లోపల బడి దొరక్కపోతే నువ్వు సెప్పిన కాడికే వస్తా" అని మాటిచ్చాను. ఇచ్చింది గురువారం సాయంత్రం. అంటే నా చేతిలో ఉన్నది శుక్రవారం ఒక్కటే, ఎందుకంటే శనివారం సగం బడులు ఒంటిపూటే నడుస్తాయి.

నాలాగా బడి ఉద్యోగానికి తిరిగేవాళ్ళు ఈ దారి పట్టేముందు ఒక పని చేయండి. టీచర్ల వాట్సాప్ గుంపుల్లో వచ్చే ప్రకటన చూసి బయోడేటా పంపేసి చేతులు కట్టుకు కూర్చుంటే ఎవరూ పిలవరు. ఫోన్ చేయాలి. "ఏ తరగతికి డెమో, ఏ పాఠం, ఎన్నింటికి" అని మనమే అడగాలి. డెమో అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, మనకు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు వెనక కూర్చుంటారు, మనం నిజం పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. నేను గురువారం రాత్రి అన్నం ముందు కూర్చోకముందే రెండు బడులకు ఫోన్ చేశాను. పుంగనూరు బడివాళ్ళు ఉదయం తొమ్మిదిన్నరకు రమ్మన్నారు, కుప్పం బడివాళ్ళు మధ్యాహ్నం మూడింటికి. రెండుచోట్లా ఆరో తరగతే, రెండుచోట్లా దీర్ఘచతురస్ర వైశాల్యమే. సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు విడివిడిగా పెట్టుకున్నాను. ఒరిజినల్స్ చూపించండి గానీ ఎక్కడా వదిలి రాకండి.

మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సుల కొరత లేదు. ఆర్డినరీ బస్సు ఎక్కితే గంటలోపు దించేస్తుంది. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. మగవాళ్ళకు ఈ మొత్తం ప్రయాణంలో బస్సులకే రానూపోనూ నాలుగు వందల దాకా కావచ్చు, ముందే చూసుకోండి. నేను కిటికీ పక్క సీటు పట్టుకుని ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టర్ కార్డు చూసి ఫైలు వైపు కళ్ళెగరేశాడు.

"ఇంటర్వ్యూ మాదిరుండాదే అమ్మా?"

"ఇంటర్వ్యూనే అన్నా. ఒగటి గాదు, రెండు."

"రెండా! ఒగదాంట్లో రాకుంటే ఇంగోదాంట్లో వస్తాదనా?"

"రెండిట్లోనూ వస్తాదన్నా. యాడ సేరాల్నో నేనే సెప్తా."

ఆయన నవ్వి వెనక సీటాయనతో "సూడప్పా, ధైర్యమంటే ఇదీ" అన్నాడు. నాకు భలే అనిపించింది. వాన పడి రెండు రోజులే అయింది, దారికి రెండు పక్కలా టమోటా తోటల్లో కట్టెలు పాతి తీగలు కడుతున్నారు. మా నాన్నది కలకడ పక్క ఊరు. చిన్నప్పుడు సెలవులంతా అక్కడి టమోటా తోటల్లోనే గడిపాను కాబట్టి, ఏ తోట కాపుకు వచ్చిందో బస్సులోంచే చెప్పేయగలను.

పుంగనూరు బస్టాండు బయట ఆటో అతను నా ఇస్త్రీ చీర చూసి ఊరికి కొత్త అనుకున్నాడు. "ఏమ్మా, పొట్టి ఆవుల్ని సూడను వచ్చినారా?" అన్నాడు. బడికి పోవాలని చెబితే "బడిలో ఆవుల్లేవు మరి" అని తనే నవ్వుకున్నాడు. ఇరవై రూపాయలు తీసుకుని బడి గేటు ముందే దించాడు. రంగులు వేసిన మూడంతస్తుల బడి, లోపల అడుగడుగునా ఇంగ్లీషులోనే మాట్లాడాలని బోర్డులు. కరస్పాండెంట్, అంటే బడి యజమాని, నన్ను మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. తర్వాత ఆరో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

పాఠం బాగా మొదలైంది. బోర్డు మీద దీర్ఘచతురస్రం గీసి, లోపల గళ్ళు గీసి, ఒక్కో 'రో'లో ఎనిమిది గళ్ళు, అలాంటి 'రో'లు ఐదు అని ఇంగ్లీషులో చెప్పాను. ముందు బెంచీ పిల్లవాడు కళ్ళు మిటకరించాడు. వాడి ముఖం చూసేసరికి నోరు దానంతటది తిరిగింది. "సాలప్పా, సాలు! టమోటా తోటలో సాలుకు ఎనిమిది సెట్లు నాటితే ఐదు సాళ్ళకు ఎన్ని?" అన్నాను. సాలు అంటే నాగలి గీసిన చాలు, దాని వెంబడి నాటిన మొక్కల వరుస. సగం క్లాసు "నలభై!" అని అరిచింది. నేను ఉత్సాహంగా చాక్‌పీస్ మళ్ళీ ఎత్తేలోపు వెనకనుంచి అరచెయ్యి లేచింది.

"సాలమ్మా, సాలు" అన్నాడు కరస్పాండెంట్. ఇక ఆపమని.

ఆఫీసు గదిలో ఆయన నచ్చజెబుతున్నట్టు మాట్లాడాడు. "పాఠం బానే ఉండాదమ్మా. కాకుంటే ఈ పిలకాయల తల్లిదండ్రులు ఇంగ్లీషు కోసం సేర్పిస్తారు. క్లాసులో సాలు, సెట్లు అంటాంటే రేపు నన్నడుగుతారు. లాంగ్వేజి రవంత నీట్‌గా ఉండాల." ఆయన నోట్లోంచి వచ్చిన 'ఉండాది', 'రవంత' రెండూ నా చెవిలో పడ్డాయి. "మేమే ఫోన్ సేస్తాం" అన్నాడు. ఉద్యోగాలకు తిరిగిన ప్రతివాళ్ళకూ ఆ మాటకు అర్థం తెలుసు. నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆ క్లాసులో నలభై అని అరిచిన పిల్లల్ని ఆయన విననే లేదు.

కోపమొస్తే నాకు ఆకలి ఎక్కువ. బస్టాండు వెనక సందులో ఒక చిన్న సంగటి హోటలు ఉంది, పదకొండుకే వేడివేడి రాగిసంగటి దించేస్తారు. సంగటి, పప్పు, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), మజ్జిగ, అన్నీ కలిపి అరవై రూపాయలు. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు కడుపు నింపుకోవడానికి ఇదే చోటు, ఆ తర్వాత కుప్పం దాకా బస్టాండు బిస్కెట్లే దిక్కు. వడ్డించే అక్క ముద్ద ఆకులో పెడుతూ నన్ను తేరిపార చూసింది.

"ఏమి పాపా, మొగం అట్ట పెట్టుకోనుండావు?"

"ఒగాయన నా మాట బాగలేదన్న్యాడక్కా."

"మాట బాగలేదా? ఏం, తిట్టినావా?"

"లేదు. సాలు అన్న్యాను."

"అంతేనా? ఈడ మాత్రం సాలనకుండా తిను" అని ఇంకో ముద్ద వేసింది. నవ్వొచ్చింది. రెండో ముద్ద కూడా ఖాళీ చేశాను.

పుంగనూరు నుంచి నేరుగా కుప్పానికి బస్సు కోసం కాచుకుని కూర్చోకండి, దొరికితే అదృష్టం. పలమనేరు బస్సెక్కి, అక్కడ దిగి కుప్పం బస్సు పట్టుకోవడమే తేలిక. గంగవరం దాటితే పలమనేరు వచ్చినట్టే. బస్టాండులో కుప్పం బస్సులు ఆగే చోటు అడిగి నిలబడితే అరగంటలో ఏదో ఒకటి వస్తుంది. అక్కణ్ణుంచి వి.కోట మీదుగా రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. నేను ఆ రెండు గంటలూ పాఠాన్ని తిరగరాసుకుంటూ కూర్చున్నాను. ఇంగ్లీషులో 'రో', తెలుగులో పుస్తకంలో ఉన్నట్టు 'అడ్డు వరుస', 'నిలువు వరుస'. ఇకమీదట నా నోట సాలు అన్న మాట వస్తే ఒట్టు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం కూడా వేసింది. పొద్దున కండక్టర్ ముందు అంత గొప్పగా అన్నదాన్ని, ఇది కూడా పోతే సోమవారం నోరు మూసుకుని ఆ ఆఫీసుకు పోవాలి.

వి.కోట దాటాక బస్సులో మాటలు మారాయి. నా వెనక సీట్లో ఒకావిడ కన్నడంలో అడుగుతుంటే పక్కావిడ అరవంలో జవాబు చెబుతోంది, ఇద్దరూ మధ్యలో తెలుగులో నవ్వుకుంటున్నారు. కిటికీ బయట చేమంతి తోటలు, మల్బరీ తోటలు. కుప్పంలో దిగేసరికి రెండున్నర అవుతోంది. బడి ఊరికి కాస్త ఎడంగా ఉంది, రైలు గేటు అవతలికి షేర్ ఆటోలో పది నిమిషాలు. రేకుల షెడ్డు, నాలుగు పక్కా గదులు, పెద్ద ఆటస్థలం. హెడ్మాస్టర్ నంజుండప్ప సార్ పంచె కట్టులో వరండాలో నిలబడి నా కోసమే చూస్తున్నారు. "దూరం నుంచి వచ్చినావమ్మా. నీళ్ళు తాగు ముందు" అన్నారు. కుప్పంలోనే పుట్టి పెరిగిన మనిషి, ఇంట్లో మాట్లాడేది కన్నడం. అది గురువారం రాత్రి ఆయన ఫోన్ ఎత్తి కన్నడంలో పలకరించినప్పుడే తెలిసింది.

ఆరో తరగతిలో ముప్పై మంది పైనే ఉన్నారు. సార్ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను బోర్డు మీద దీర్ఘచతురస్రం గీసి, చేతులు నలుపుకుంటూ, రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా మొదలుపెట్టాను. "ఈ పటంలో ప్రతి అడ్డు వరుసలోనూ సమానమైన గళ్ళు ఉన్నాయి. వరుసల సంఖ్య ఎంత?" అన్నాను. చడీచప్పుడు లేదు. మళ్ళీ చెప్పాను. ముప్పై ముఖాలూ నన్నే చూస్తున్నాయి గానీ ఒక్క చెయ్యి లేవలేదు. చివరికి రెండో బెంచీలో భాగ్య అనే పిల్ల లేచి నిలబడింది.

"మేడం, వరుస అంటే మామ వరుస, బావ వరుస, అదే గదా? గళ్ళకు మామలు, బావలు యాడ ఉంటారు మేడం?"

క్లాసు గొల్లుమంది. నేనూ ఆపుకోలేకపోయాను. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? మా పక్క ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగేది అదే, నీకు నేనేమి వరుస అని. ఆ నవ్వుతో నా బిగువు ఎక్కడికో పోయింది. పెట్టుకున్న ఒట్టు కూడా పోయింది. "మామలూ బావలూ వద్దు గానీ, సాలు తెలుసునా మీకు?" అని అడిగాను.

అంతే, ఒక్కసారిగా చేతులు లేచాయి. "టమోటా సాలు మేడం!" అంది భాగ్య. అరవం మాట్లాడే ఇంటి పిల్ల సెల్వి "మా తాత నాగలి కట్టి సాలు తోల్తాడు" అంది. కిటికీ పక్క కూర్చున్న కన్నడం పిల్లవాడు "ప్రార్థనప్పుడు సాలుగా నిలబడమంటారు గదా, అదే" అన్నాడు. మూడు భాషల ఇళ్ళ పిల్లలకూ ఆ ఒక్క మాట తెలుసు. సెల్విని బోర్డు దగ్గరికి పిలిచి చాక్‌పీస్ ఇచ్చాను. "ఐదు సాళ్ళు గియ్యి, సాలుకు ఎనిమిది సెట్లు పెట్టు" అన్నాను. ఆ పిల్ల ముక్కు దాకా నాలుక బయటపెట్టి మరీ గీస్తోంది, మిగతావాళ్ళు లెక్కపెడుతున్నారు.

అప్పుడు వెనకనుంచి నంజుండప్ప సార్ గట్టిగా "సాలు, సాలు!" అన్నారు.

పొద్దున ఒకాయన, ఇప్పుడు ఇంకొకాయన. అదే మాట, అదే అదను. పిల్లలకు పాఠం అందుతున్న క్షణంలోనే ఈ పెద్దమనుషులకు ఏం తోస్తుందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. బోర్డు వైపు తిరిగి కూడా చూడలేదు. "థాంక్యూ సార్" అని బ్యాగు భుజాన వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, వరండా దాటి గేటు దాకా వచ్చేశాను. సోమవారం కూర్చోబోయే ఫ్యాను కింది కుర్చీ కళ్ళ ముందు కనిపించింది. వెనక ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడైంది.

"అమ్మా, అమ్మా! యాడికి పోతాండావు? పిలకాయలు ఆడే ఉండారు!" పంచె ఒక చేత్తో పట్టుకుని, రొప్పుతూ నంజుండప్ప సార్.

"మీరే గదా సార్ సాలన్న్యారు."

"అన్న్యాను. ఆ పాప నాలుగు సాళ్ళు గీసి నిలబడిపోయింది, ఇంగొక సాలు గియ్యమని సాలు, సాలు అంటి. నువ్వు అట్నే బ్యాగెత్తుకోని పొయ్యేస్తివి!"

"ఆపమన్నారనుకున్నా సార్. మా మదనపల్లెలో చాలు అనాలంటే సాలు అనే అంటాం."

"ఆపమనాలంటే నేను 'సాకు' అంటాను గదమ్మా! మా ఇండ్లల్లో సాకు అంటేనే ఇంగ వద్దని."

"మాకు సాకు అంటే పని ఎగ్గొట్టను సెప్పే మాట సార్."

"సరిపోయింది పో! నీ సాకులు, నా సాలు తర్వాత సూసుకుందాం. మొదుట పాఠం ముగించు" అని ఆయనే నా బ్యాగు అందుకుని ముందు నడిచారు.

క్లాసులోకి వెళ్ళేసరికి సెల్వి ఐదో సాలు గీసి, చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "యాల పోతిరి మేడం?" అని భాగ్య నిలదీసింది. "దారి తప్పినానమ్మా" అన్నాను. అది అబద్ధమేమీ కాదు. తర్వాత పాఠాన్ని ఎవరూ ఆపలేకపోయారు, నేను కూడా. సాళ్ళను చెరిపి గళ్ళు చేశాం, గళ్ళను చెరిపి పొడవు, వెడల్పు చేశాం. సూత్రం నేను చెప్పలేదు. పొడవును వెడల్పుతో గుణిస్తే సరిపోతుందని ఆ కన్నడం పిల్లవాడే కనిపెట్టి, తను కనిపెట్టినందుకు తనే ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాతే దానికి ఇంగ్లీషు పేర్లు రాయించాను. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

ఆఫీసు గదిలో నంజుండప్ప సార్ సర్టిఫికెట్లు ఒకసారి చూసి పక్కన పెట్టారు. జీతం చెప్పారు. మామ చెప్పిన ఆఫీసు జీతం కన్నా తక్కువే, కానీ ఊళ్ళో ఆడటీచర్లు కలిసి ఉండే ఇంట్లో నాకూ చోటు చూపిస్తామన్నారు. తర్వాత అసలు విషయం అడిగారు. "ముందుండిన టీచరు శానా మంచోడు. డీఎస్సీ రాగానే పాయె. పిలకాయలు ఇప్పటికీ ఆయన పేరు సెప్తాండారు. నీకు రేపు వస్తే నువ్వూ పోతావా?"

పోనని చెబితే ఉద్యోగం అప్పుడే ఖాయమవుతుందని నాకు తెలుసు. అబద్ధం చెప్పాలనిపించలేదు. "వస్తే పోతాను సార్" అన్నాను. "కాకుంటే సంవత్సరం మద్దెలో పోను. ఉన్నన్నాళ్ళూ ఒగ పీరియడ్ కూడా వదలను."

"పోయినాయన కూడా పోనని సెప్పే పోయినాడు" అని సార్ నవ్వి, "సోమారం వచ్చెయ్" అన్నారు.

సాయంత్రం బస్టాండులో నిలబడి మామకు ఫోన్ చేశాను. కుప్పం నుంచి పలమనేరు వైపు సాయంత్రం పూట బస్సులు పలచబడతాయి, ఐదు దాటకముందే బస్టాండు చేరుకోండి. "మామా, ఆ కుర్చీ ఇంగెవరికైనా ఇప్పీ" అన్నాను. "కుప్పమా? అంత దూరమా పాపా? నువ్వొక్కదానివే ఉండాలంటే..." అని ఆగిపోయాడు. జీతం అడుగుతాడేమోనని జవాబు సిద్ధం చేసుకుంటుంటే, గొంతు తగ్గించి "పిలకాయలు మంచోళ్ళేనా?" అన్నాడు. "మంచోళ్ళే మామా" అంటూ చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పక్కన బొరుగులు కొంటున్న పెద్దాయన ఎందుకేడుస్తున్నానో అనుకుని, తినమని పొట్లం నా వైపు చాపాడు.

ఈ ప్రయాణం మొత్తానికి నేను అనుకుంటున్నది ఒక్కటే. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు నచ్చేలా మాట్లాడటం నేర్చుకోవాల్సిందే, అది నేనూ నేర్చుకుంటున్నాను, ఇంగ్లీషు కూడా గట్టిగానే చదువుతున్నాను. పుంగనూరు ఆయన మీద ఇప్పుడు కోపం కూడా లేదు, ఆయన ఇబ్బంది ఆయనది. కానీ నాకు వచ్చిన మాటను దాచిపెట్టుకుని పాఠం చెప్పబోయిన ఆ పది నిమిషాల్లోనే కుప్పం పిల్లలు నాకు దూరమయ్యారు. దాన్ని బయటికి తీయగానే దగ్గరికి వచ్చారు. అంతకు మించి నాకు ఎవరూ రుజువు చూపించక్కర్లేదు.

మీరు డెమోకు వెళ్తే ఒక్కటి అడగండి. పాఠం మొదలుపెట్టే ముందు ఆ క్లాసులో ఒక పది నిమిషాలు వెనక బెంచీలో కూర్చోనివ్వమనండి, పిల్లలు తమలో తాము ఏ మాటలతో మాట్లాడుకుంటున్నారో వినండి. నేను అడగలేదు, అందుకే గేటు దాకా వెళ్ళి రావాల్సి వచ్చింది. సోమవారం మొదటి పీరియడ్ లెక్కలు. నవ్వుతూ హాజరు పిలుస్తుంటే భాగ్య లేచి, "పోయిన సారు కూడా మొదటి దినం మీ మాదిరే నవ్వినాడు మేడం" అంది. ఉన్నన్నాళ్ళూ ఒక్క పీరియడ్ కూడా వదలనని సార్‌కు ఇచ్చిన మాట తలుచుకుని, చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద తేదీ వేశాను.